కడగొట్టు కొంగపిల్లకు ఉపవాస ప్రార్థన

ఏసుమణికి ఒక్క మనిషికి సరిపడా వండటం చేతకాదు. నలభై మందికైతే కళ్లు మూసుకుని ఉప్పు వేస్తుంది, ఒక్క మెతుకు పలుకు ఉండదు. అదే ఇంట్లో తనొక్కదానికి పొయ్యి వెలిగిస్తే అన్నం ముద్దయినా అవుతుంది, మాడనైనా మాడుతుంది. అందుకని ఎండాకాలం వచ్చిందంటే పొద్దున వండిందే రాత్రికి, రాత్రి మిగిలిందే మర్నాటికి. ఇదేందని అడిగేవాళ్లు ఎవరున్నారు గనుక!

ఆదోని దాటి కోసిగి దోవలో ఉంది వాళ్ల పల్లె. ఆ పక్క ఊళ్లన్నీ ఒకటే తీరు. పత్తి ఏరడం అయిపోగానే ఇళ్లకు తాళాలు వేసి జనం సుగ్గికి పోతారు, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. పిల్లల్ని వెంట తీసుకుపోతే చదువు మట్టిగొట్టుకుపోతుందని బడిలోనే హాస్టలు పెట్టారు. నాలుగూళ్ల పిల్లలు ఆర్నెల్లు అక్కడే తిని అక్కడే పడుకుంటారు. ఏడేళ్లుగా వాళ్లకు వండిపెట్టేది ఏసుమణే. అందరికంటే చిన్నపిల్లల్ని ముందు పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించడం ఆమె పెట్టిన చట్టం. పెద్ద పిల్లాడెవడైనా తోసుకుని ముందుకొచ్చాడా, గరిటె కాడతో మొట్టికాయ పడేది.

"కడగొట్టోల్లు తిన్నంకనే నీకు. పో యెనక్కి, తిండిపోతు నా బట్టా!"

ఏప్రిల్ ఆఖరుకు సుగ్గి జనం తిరిగొస్తారు. అమ్మ లారీ దిగడం కనిపిస్తే చాలు, పిల్లలు కంచాలు ఎక్కడివక్కడ వదిలేసి ఉరుకుతారు. ఏసుమణి వైపు తిరిగి చూసేవాడు ఒక్కడూ ఉండడు. ఉరకరా మరి, తల్లి తల్లే కదా! ఆ మాట ఏసుమణే అంటుంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. భర్త ప్రేమయ్య పోయి ఎనిమిదేళ్లయింది. కడుపు పండలేదు. హాస్టలు మూసేసిన రోజు నుంచి మళ్లీ తెరిచే దాకా చర్చి వెనకాల ఆ రెండు గదుల ఇంట్లో ఆమె ఒక్కతే. ఎంత ఒంటరితనమో చెప్పాలంటే, తుమ్మొస్తే తన తుమ్ముకు తనే ఉలిక్కిపడేది.

ఈ ఏడు మాత్రం ఆమెకు కొంగలు తోడయ్యాయి.

నాగలత టీచరుది ప్రొద్దుటూరు. ఏప్రిల్‌లో ఒకరోజు క్లాసులో పెద్ద టీవీ మీద పిల్లలకు ఒక గూడు చూపించింది. ఎస్టోనియా అని ఎక్కడో చలిదేశం. అక్కడి అడవిలో చెట్టు కొన మీద కెమెరా కట్టారు, కింద నల్లకొంగల గూడు. మన చెరువుల్లో వాలే తెల్లకొంగలు వీటి మోకాలికి రావు. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, పొట్ట తెలుపు, ముక్కూ కాళ్లూ ఎరుపు. ఆ పక్షులు చేసే ప్రతి పనీ అప్పటికప్పుడు ఇక్కడ కనిపిస్తుంది. పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. గరిటె పట్టుకుని గడప దగ్గర నిలబడిన ఏసుమణి కూడా నోరు తెరిచింది, పొయ్యి మీద పప్పు అడుగంటింది.

బడి మూసే రోజున టీచరు ఆమె ఫోన్లో ఆ గూడు పెట్టి ఇచ్చింది. "ఇదిగో మణమ్మా, ఇది నొక్కితే వస్తుంది. గుడ్లు పొదిగేది నువ్వే చూసి నాకు చెప్పాల" అంది. ఊరికే అన్న మాట అది. ఏసుమణి ఊరికే తీసుకోలేదు.

ఇంట్లో సిగ్నలు అందదు, చర్చి మెట్ల మీద బాగా అందుతుంది. పొద్దున్నే వచ్చి మెట్ల మీద కూర్చునేది. మనకు పొద్దు గూకినా అక్కడ ఇంకా ఎండ కాస్తుండేది. మే నెల నడిమికి ఐదు గుడ్లూ పగిలాయి. పత్తికాయ పగిలినట్టు తెల్లటి పిల్లలు బయటపడ్డాయి. ఏసుమణి ఉండబట్టలేక ఇంటికి ఉరికింది. పక్కింటి నాగక్క గోడ అవతల ఎనుముకు నీళ్లు పెడుతోంది. ముగ్గురు మనవళ్లు, రెండు ఎనుములు, క్షణం తీరికలేని మనిషి.

"అక్కో! ఐదుండాయి! ఐదూ బతికే ఉండాయి!"

"ఏమ్మే, మేకలు ఈనినాయా?"

"కాదక్కా, కొంగలు. ఫోన్లో."

నాగక్క బకెట్టు దించి నడుము మీద చేయి పెట్టుకుంది. "ఓయమ్మ, నీకు ఎండ తగిలిందే! యాడిదో కొంగ పిల్లల్ని పెడితే నీకు పురిటి సంబరమా? రా, ఈ పేడన్నా ఎత్తుదువు గానీ, పున్నెమొస్తాది." అని పకపకా నవ్వింది. ఏసుమణి కూడా నవ్వింది.

కొంగ మేపే పద్ధతి చూసి మాత్రం ఆమెకు ఒళ్లు మండింది. తల్లో తండ్రో ఎగిరొచ్చి వాలుతుంది. పిల్లలు ఐదూ మెడలు సాచి గోల పెడతాయి. అది తల వంచి, గొంతు కదిలించి, మింగుకొచ్చిన చేపల్నీ కప్పల్నీ గూటి నడుమ కక్కి పోస్తుంది. ఇంక ఎవరిది వాళ్లదే. బలమున్నది మింగుతుంది, లేనిది చూస్తుంది. పంక్తీ లేదు, వరసా లేదు. ఐదో పిల్ల ఆఖరున పుట్టింది, మిగతావాటిలో సగం కూడా లేదు. అది పాక్కుంటూ వచ్చేసరికి తడి తప్ప ఏమీ మిగిలేది కాదు.

"ఏమ్మే, కండ్లు కనపడవా నీకు? ఆ కడగొట్టుదాని నోట్లో పెట్టు ముందు! ఇదేం వడ్డన, ఇదేం వరస!" అని ఫోను మీద అరిచేది. ఆ తల్లి రెక్కలు విదిలించుకుని వెళ్లిపోయేది. చేతిలో గరిటె ఉండి ఏం లాభం, మొట్టికాయ అంత దూరం అందదు.

మే ఆఖర్లో టీచరుకు ఫోన్ చేసింది. టీచరు మెల్లగా చెప్పింది. అక్కడ కూడా ఈ ఏడు వానల్లేవట. వాగులు ఎండి చేపలు దొరకడం లేదట. తిండి చాలకపోతే అన్నిటికంటే చిన్నదాన్ని తల్లిదండ్రులే గూట్లోంచి పడేస్తాయట. "అది ప్రకృతి మణమ్మా. మనమేం చేయలేం" అంది.

"ప్రకృతి గికృతి నాకు తెల్దమ్మా. ఆకలైన బిడ్డ ఆకలైన బిడ్డే" అని ఏసుమణి ఫోన్ పెట్టేసింది. ఆ రాత్రి ముద్ద దిగలేదు.

జూన్ మొదటి ఆదివారం. వాళ్ల చర్చిలో పాటలయ్యాక సంఘపెద్ద ఏసన్న లేచి "ప్రార్థన మనవులుంటే చెప్పండి" అంటాడు. ఒకరు మోకాళ్లంటారు, ఒకరు బోరులో నీళ్లంటారు. పోయినేడు ఎవరో తన ఎద్దు కోసం మనవి చెబితే, "సంఘమేమన్నా గొడ్లాసుపత్రా అప్పా?" అని ఏసన్న అందరి ముందూ కడిగేశాడు. ఏసుమణి ఎప్పుడూ నోరు తెరిచింది లేదు. ఆ రోజు లేచి నిలబడింది.

"ఒక పసిబిడ్డ అయ్యగారూ. ఐదుమందిలో కడగొట్టుది. పెద్దోల్లే అంతా లాక్కోని తింటాండారు, దానికి ఒక్క ముద్ద అందడంల్యా. ఆ పక్క గూడా కరువంట. తిండి సాలకుంటే కన్నోల్లే దాన్ని పారేస్తారంట..."

కొంగ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఏసన్న మొహం చూసి మళ్లీ లోపలికి పోయింది. అన్న మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అనని మాట ఒక్కటే.

"ఎవురి బిడ్డమ్మా?" పాస్టరు జయకుమార్ అయ్యగారు అడిగారు.

"దూరపోల్ల బిడ్డయ్యా."

ఆడవాళ్ల వైపు నుంచి అయ్యో అయ్యో అని వినబడింది. కన్న బిడ్డను పారేసేవాళ్లు ఆ జిల్లాలో లేరని ఎవరనగలరు, ఆడపిల్ల అయ్యుంటుందని అందరూ అనేసుకున్నారు. అయ్యగారి ప్రార్థన చాలాసేపు సాగింది. ఏసన్న కూడా కండువాతో కళ్లొత్తుకున్నాడు.

అంతటితో ఆగితే ఈ కథే లేదు. అయ్యగారి భార్య రెజీనమ్మగారు స్త్రీల సమాజాన్ని పోగుచేసి శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టింది. వాళ్ల ఇళ్లలో ఒక అలవాటుంది. అన్నం వండే ప్రతిపూటా ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని పేరిట డబ్బాలో వేస్తారు. ఆ డబ్బాలన్నీ ఆ శుక్రవారం ఒక సంచిలో గుమ్మరించి తెచ్చి ఏసుమణి అరుగు మీద దించారు. "ఆ బిడ్డ ఇంటికి పంపీ అక్కా. తిండికి లేకనే కదా పారేయాలనుకుంటాండేది" అంది రెజీనమ్మగారు.

ఏసుమణి సంచి మూతి విప్పి చూసింది. కూలికి పోయి తెచ్చుకున్న బియ్యం అవి, ఆ చేతులు ఆమె ఎరిగినవే. అప్పుడైనా చెప్పాల్సింది. కక్కలేక మింగలేక నిలబడింది.

ఎందుకు చెప్పలేదో చెప్పేస్తాను, దాచేదేముంది. ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగయ్యేసరికి ఆమె అరుగు నిండిపోయేది. ప్రేమయ్య దినం తర్వాత ఆ ఇంట్లో రెండో చాప పరిచింది లేదు. ఇప్పుడు మూడు చాపలు పరిచినా చాలేవి కావు. "ఎట్లుండాదక్కా బిడ్డ? తినిందా ఈ పొద్దు?" అని అందరూ ఆమె మొహంలోకే చూసేవాళ్లు. పొద్దంతా మెట్ల మీద చూసిందంతా ఆమె చెప్పేది. ఫోన్లో ఎవరో కబురు చెబుతున్నారని వాళ్లనుకునేవాళ్లు. పొద్దున రెండుసార్లు పెట్టినారు, దీనికి అందలేదు. మధ్యాన్నం ఒక చిన్న ముక్క దొరికింది, అదీ పెద్దోడు గుంజుకున్నాడు. విన్నవాళ్లు ఆ పెద్దోణ్ణి తిట్టేవాళ్లు. కడగొట్టుది ఒక ముక్క మింగిందన్న రోజున ఏసన్న సైతం "స్తోత్రం" అన్నాడు. ఏసుమణి నెత్తిన చుక్క నూనె పెట్టుకుని తల దువ్వుకుని కూర్చునేది వాళ్లొచ్చే వేళకు. పాపం చేస్తున్నానని తెలుసు. సంతోషంగా ఉందనీ తెలుసు.

ఒకరోజు రెజీనమ్మగారు అడగనే అడిగింది. "ఫోన్లో బిడ్డ ఫోటో ఉంటే చూపియ్యక్కా."

"వద్దమ్మగారూ, పసిదానికి దిష్టి తగులుతాది."

"మనకు దిష్టేందక్కా! మనం దిష్టీ గిష్టీ నమ్మేటోల్లమా?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఏసుమణికి అతికించడం ఎప్పుడొచ్చు? ఫోను కొంగులో దాచుకుంది. గోడ అవతల ఎనుము పాలు పిండుతూ నాగక్క అంతా వింటోంది. ఆమె చర్చికి వచ్చే మనిషి కాదు. ఊరంతటిలో అసలు సంగతి తెలిసింది ఆమె ఒక్కతికే. "మావోల్లు దిష్టంటారులే అమ్మా, ఈమె నాతాన నేర్సుకునింది" అని అక్కడి నుంచే కేకేసి, ఏసుమణిని కాపాడింది. వాళ్లు వెళ్లాక మాత్రం గోడ మీద మోచేతులు ఆనించి, "ఏమ్మే కొంగలమ్మా, ఎన్నాల్లు దాస్తావు?" అంది.

"చెప్తానక్కా."

"చెప్తే రేపట్నుంచి రారని కదా నీ బయం?"

ఏసుమణి లేచింది. చాపలు చుట్టడం మొదలుపెట్టింది.

ఆ పై వారం, శనివారం మిట్టమధ్యాహ్నం. మెట్ల మీద ఏసుమణి ఒక్కతే ఉంది. ఎంతోసేపటికి కొంగ వాలింది. కక్కింది కొంచెమే, నాలుగు పిల్లలూ నిమిషంలో ఊడ్చేశాయి. కడగొట్టుది పాక్కుంటూ తల్లి కాళ్ల దగ్గరకొచ్చి మెడ ఎత్తింది, తింటాననే ఎత్తింది. పెద్ద కొంగ దాని మెడ ముక్కుతో పట్టుకుంది. నోట్లో పెడుతుందనుకుంది ఏసుమణి. అది రెండుసార్లు విదిలించి, గూటి అంచు దాకా నడిచి, వదిలేసింది. తిరిగొచ్చి ఈకలు సర్దుకుంది.

ఏసుమణి పెట్టిన కేకకు పాస్టరుగారింట్లోంచి రెజీనమ్మగారు చేతి తడి తుడుచుకోకుండానే ఉరికొచ్చింది.

"పాయ అమ్మగారూ! పారేసినారు! తింటానని దగ్గరికి పోయిందమ్మా, గొంతు పట్టుకోని పారేసినారు!"

ఇంక చూడండి. పేట పేటంతా కూడింది. ఆడవాళ్లు ఏసుమణిని పట్టుకుని ఏడ్చారు. ఇంటికి నడిపించుకుపోయారు, చావింట్లో పొయ్యి వెలిగించకూడదని ఎవరింటి నుంచి వాళ్లు అన్నం తెచ్చారు. నాగక్క జొన్నరొట్టె, చట్నీ తెచ్చి పక్కన పెట్టి, ఏమీ అనకుండా తల నిమిరి పోయింది. పాస్టరుగారు, ఏసన్న కొంచెం ఆగి వచ్చారు.

"అమ్మా ఏసుమణీ," అన్నారు అయ్యగారు, "ఇది ఊరికే ప్రార్థన చేసి వదిలేసేది కాదు. బిడ్డను సంపినారు. రేపు ఆరాధన కాగానే నేనూ ఏసన్నా ఆదోనికి పోయి పోలీసు కంప్లైంటు ఇస్తాం. ఆ ఊరి పేరు సెప్పు, తల్లిదండ్రుల పేర్లు సెప్పు."

"రేపు పొద్దున సెప్తానయ్యా" అంది ఏసుమణి. అయ్యగారి కళ్లలోకి చూడలేకపోయింది.

మర్నాడు చర్చికి ఆమె బియ్యం సంచి ఈడ్చుకుంటూ వచ్చింది. ఏసన్న మనవులు అడగకముందే దాన్ని ముందుకు తీసుకుపోయి బల్ల కింద పెట్టి, జనం వైపు తిరిగింది.

"అయ్యగారూ, పోలీసోల్ల దగ్గరికి పోవద్దండి. అది మనిషి బిడ్డ కాదు. కొంగపిల్ల. టీచరు ఫోన్లో పెట్టిచ్చింది. యాడో చలిదేశంలో ఉండాది గూడు. ఈ బియ్యంలో నేను గింజ గూడా ముట్టల్యా."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఎవరో వాళ్ల డొక్కలో పొడిచారు. ఏసన్న మొహం ఎర్రబడింది. "కొంగకా? కొంగకా మేము పొద్దంతా ఉపాసముండింది? నేను ఏడిసినానమ్మా!"

"నేనూ ఏడిసినానన్నా. నా ఏడుపు అబద్ధం కాదు" అంది ఏసుమణి. కూర్చోలేదు. "మొదటి దినమే సెప్పాల్సింది. సెప్తే మీరు రారని సెప్పల్యా. మీరంతా నా అరుగు మీద కూసున్న దినాలు నాకు ముద్ద దిగింది. అది దొంగతిండే. తప్పయిపోయింది."

అయ్యగారు బైబిలు మూసి బల్ల మీద పెట్టారు. మంచి మనిషి, కోపం వచ్చినా మింగుకోగలరు. "సరేనమ్మా. మరి ఇప్పుడు ఏమని ప్రార్థన చేయమంటావు?"

"నా కోసం చేయండయ్యా. నాకోసం ఎప్పుడూ అడగల్యా నేను. హాస్టలు తెరిసేదానికి ఇంకా ఐదునెల్లుండాది. నాకు ఇంట్లో శానా ఒంటిగా ఉండాది. ఉండలేకుండా ఉండాను."

ఆ మాటతో నవ్వినవాళ్లు కూడా తల దించుకున్నారు. అయ్యగారు ప్రార్థన చేశారు. చక్కటి ప్రార్థన, ఎవరికైనా కళ్లు చెమర్చేది. విధవరాండ్రను మరువని దేవుడని, ఏకాకుల్ని సంసారులుగా చేసే దేవుడని అన్నీ చెప్పారు. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. బయటికొచ్చాక ఒకరిద్దరు ఆమె చేయి పట్టుకుని, "ప్రార్థనలో పెట్టుకుంటాంలే అక్కా" అన్నారు. ఎండ ముదురుతోందని ఇళ్లకు పోయారు.

సోమవారం నాలుగ్గంటలకు ఏసుమణి చాపలు పరిచింది. ఎవరూ రాలేదు. పత్తి విత్తనాలు వేసే రోజులు, పనులుంటాయి. మంగళవారం కూడా పరిచింది. బుధవారం ఒక్కటే పరిచి దాని మీద తనే కూర్చుంది. ఫోను తెరవబుద్ధి కాలేదు. ఆ నాలుగు పిల్లలూ ఎదుగుతూనే ఉంటాయి, ఆ తల్లి మేపుతూనే ఉంటుంది. దాని మీద కోపం ఇంకా చల్లారలేదు.

గోడ అవతల నాగక్క పాలచెంబుతో నిలబడి చూసింది.

"ఏమ్మే, ఈ పొద్దు గూడా ఎవురూ రాల్యా?"

"రాలేదక్కా."

"సూసినావా మల్ల! కొంగకు ఉపాసాలుండిరి, మనిషికొచ్చేసరికి కాల్లు రాకపాయ. వాల్ల నోట్లో మన్నుపడ."

"వాల్లననద్దక్కా. మంచోల్లే" అంది ఏసుమణి. కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఆకలంటే ఏం తేవల్లో అందరికీ తెలుసు. పిడికెడు బియ్యం తెచ్చినారు. సావంటే తెలుసు, అన్నం తెచ్చినారు. ఒంటిగుండానంటే ఏం తేవల్ల? ఏం తేవల్లో వాల్లకు తెల్దు, పాపం."

నాగక్క ఏదో అనబోయి ఆగింది. ఎప్పుడూ మాటకు తడుముకోని మనిషి. లోపల మనవళ్లు అవ్వా అవ్వా అని పిలుస్తున్నారు, పాలు పొయ్యి మీద పెట్టాలి, రెండో ఎనుము ఇంకా పిండలేదు.

"నాకూ తెల్దు మల్ల" అంది చివరికి.

కానీ లోపలికి పోలేదు. చెంబు గోడ మీద పెట్టి, అక్కడే నిలబడింది.